లాటినో నాయకులు తమ ఊళ్లకు ఏం చేశారు, ఎలా చేశారు? పద్ధతులూ లెక్కలతో రాద్దాం

చెరువుకట్ట

అమెరికాలో లాటినోల, అంటే లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్ల, నాయకుల గురించి తెలుగులో వెతికితే రెండు పేర్లు, ఒక నినాదం దొరుకుతాయి. పొలం కూలీల నాయకులు సీజర్ చావెజ్, డొలోరెస్ వెర్టా, "సీ సే పుయెదే", అంటే "ఔను, సాధించవచ్చు". ఏ వీధిలో ఏ పని ముందు మొదలుపెట్టారు, డబ్బు ఎక్కడ పుట్టింది, అధికారులు ఎందుకు దిగివచ్చారు, ఎక్కడ దెబ్బతిన్నారు అన్నది కనబడదు. ఆ లోటు ఇక్కడ తీర్చుకుందాం.

ఒక్కటే కోరిక. పొగడ్త వద్దు. ఊరు, ఏడాది, పని, ఆ పని తర్వాత మారినది రాయండి. తెలిసినవాళ్లు ఎంత పొడుగు రాసినా చదువుతాం.

పడమటిగాలి

అయితే సాన్ ఆంటోనియోతో మొదలుపెడతా. నా లెక్కన ఈ విషయంలో అన్నిటికంటే బాగా చదవాల్సిన ఊరు అదే.

టెక్సాస్‌లోని ఆ నగరానికి పడమటి వైపు మెక్సికన్ అమెరికన్ల పేటలు. గట్టి వాన పడితే వీధులు కాలువలయ్యేవి. ఇళ్లలోకి నీళ్లు, పిల్లలు బడికి పోవాలంటే బురద. 1973 ప్రాంతంలో అక్కడే పుట్టి పెరిగిన ఎర్నెస్టో కోర్టెస్ తిరిగొచ్చి చర్చి పేటల్లో పని మొదలుపెట్టాడు. సభ పెట్టలేదు, కరపత్రం పంచలేదు. ఒక్కొక్కరితో విడివిడిగా కూర్చుని మాట్లాడాడు. ఒక్కో మాటామంతీ అరగంట, ముప్పావుగంట. ఎవరితో? రాజకీయాలు మాట్లాడేవాళ్లతో కాదు. చర్చి జాతర నడిపే ఆడవాళ్లు, బడి తల్లిదండ్రుల సంఘంలో పనిచేసేవాళ్లు, చావు ఇంట్లో వంటలు పంచేవాళ్లు. పదిమందిని కదిలించగలిగేది వాళ్లేనని అతనికి తెలుసు.

పేదల సమస్యలంటే పోలీసు దౌర్జన్యం, వివక్ష అని చదువుకున్నవాళ్లు అనుకునే రోజులవి. ఈ మాటల్లో పైకి వచ్చినది వేరు: మురుగు కాలువ, కాలిబాట, వీధి దీపం. 1974లో కాప్స్ అనే సంస్థ దాని మీదే నిలబడింది. పూర్తి పేరు కమ్యూనిటీస్ ఆర్గనైజ్డ్ ఫర్ పబ్లిక్ సర్వీస్.

తర్వాతి పని పరిశోధన. సభ్యులే నగరపాలక పాత కాగితాలు తిరగేశారు. వాళ్ల పేటలో కట్టాల్సిన వరదనీటి కాలువకు 1945లోనే ఆమోదం ఉందని తేలింది. దాదాపు 30 ఏళ్లు కాగితం మీద కాలువ, వీధిలో నీళ్లు. 1974 ఆగస్టులో వానలు ముంచెత్తాక నగర పాలన నడిపే సిటీ మేనేజర్‌ను ఒక హైస్కూల్‌కు పిలిపించి వందల మంది ఎదుట కూర్చోబెట్టారు. ఆ తర్వాత కౌన్సిల్‌కు వెళ్లి ఆ 1945 కాగితమే ముందు పెట్టారు. మేయర్‌కే ఆశ్చర్యమైంది. అదే ఏడాది నవంబరులో 4 కోట్ల 68 లక్షల డాలర్ల వరదనీటి కాలువల బాండ్లకు నగర ఓటర్లు ఒప్పుకున్నారు.

గమనించండి, వాళ్లు కొత్తగా ఏదీ అడగలేదు. "మీరే ఒప్పుకున్నారు, కట్టలేదు" అన్నారు. ఏ ఆఫీసులోనైనా ఈ మాటకు జవాబు చెప్పడం కష్టం.

నల్లరేగడి

పడమటిగాలి గారూ, రెండు సందేహాలు. కోర్టెస్‌కు జీతం ఎవరిచ్చారు? సభకు వందల మంది వస్తే వచ్చారు, ఆ తర్వాత నెలకు చల్లారిపోవడం మామూలే కదా. ఇది చల్లారకుండా ఎలా ఉంది?

పడమటిగాలి

డబ్బు ముందు. చర్చి పేట, అంటే పారిష్, సభ్యత్వ రుసుము కట్టాలి. వ్యక్తులకు కాదు, సంస్థలకే సభ్యత్వం. ప్రభుత్వ సొమ్ము సంస్థ నడపడానికి వాడరు. కారణం తేలికే: ఎవరిని నిలదీయాలో వాళ్ల దగ్గరే జీతం తీసుకుంటే నోరు లేవదు. నిర్వాహకుడికి జీతం ఉంటుంది కానీ అధ్యక్ష పదవి ఉండదు. మైకు ముందు నిలబడేది పేట మనిషే. మొదటి అధ్యక్షుడు ఆండ్రెస్ సరాబియా. తర్వాత ఏళ్ల తరబడి వరసగా ఆడవాళ్లే నడిపారు. బియాట్రిస్ గయేగో, కార్మెన్ బాదియో, బియాట్రిస్ కోర్టెజ్ పేర్లు ఆ ఊరి చరిత్రలో గట్టిగా ఉన్నాయి.

చల్లారకపోవడానికి కారణం వరస. ముందు ఇళ్లలో చిన్న సమావేశాలు, వాటిలోంచి సమస్య, తర్వాత పరిశోధన, తర్వాత పెద్ద సభ. సభ ముగిసిన అరగంటలోపు అదే ఆవరణలో సమీక్ష: ఎంతమందిని తెస్తానన్నావు, ఎంతమంది వచ్చారు, అధికారి ఏ మాట దాటేశాడు, మనవాళ్లెవరు తడబడ్డారు. ఈ చివరి అరగంట వదిలేసిన సంఘాలే చల్లారిపోతాయి.

పెద్ద సభకు వాళ్లు పెట్టుకున్న పేరు జవాబుదారీ సభ. అభ్యర్థినో అధికారినో పిలుస్తారు. మాట్లాడేందుకు రెండు మూడు నిమిషాలే. ప్రశ్న "ఔనా, కాదా" అనే రూపంలో ఉంటుంది: ఫలానా వీధి కాలువకు ఈ బడ్జెట్‌లో డబ్బు పెడతారా? జవాబు అందరికీ కనబడేలా బోర్డు మీద రాస్తారు. ఉపన్యాసం మొదలైతే మైకు దగ్గరున్న మనిషి మర్యాదగా ఆపేస్తారు. ఏ అభ్యర్థికీ మద్దతు ప్రకటించరు. జవాబులు పేటలకు చేరతాయి, ఓటు ఎటు వేయాలో జనమే తేల్చుకుంటారు.

ఒత్తిడి ఎలా ఉండేదో ఒకటి దగ్గరగా చూపిస్తా. 1975 మొదట్లో తమ బడ్జెట్ కోరికల విషయంలో వ్యాపార పెద్దలు కలవడానికి ఒప్పుకోలేదు. వందల మంది జోస్కేస్ అనే పెద్ద బట్టల దుకాణానికి వెళ్లి బట్టలు వేసుకుని చూడటం మొదలుపెట్టారు. వేసుకోవడం, అద్దంలో చూసుకోవడం, తీసి మళ్లీ పెట్టడం. ఏదీ కొనలేదు. మర్నాడు ఫ్రాస్ట్ బ్యాంకులో వరస కట్టి డాలర్లకు పెన్నీలు, పెన్నీలకు డాలర్లు మార్పించారు. చట్టం ఎక్కడా దాటలేదు, పని మాత్రం నిలిచిపోయింది. ఆ తర్వాత మాటలకు పిలుపు వచ్చింది.

మానేరు

ఇళ్లలో సమావేశాల మాట వచ్చింది కాబట్టి ఆ పద్ధతి విడిగా రాస్తాను. చాలామంది దీన్ని టీ పార్టీ అనుకుంటారు, అందుకే వాళ్లకు పనిచేయదు.

1952లో కాలిఫోర్నియా సాన్ హొసే ఊళ్లోని సాల్ సీ పుయెదెస్ పేటలో చావెజ్ ఇది నేర్చుకున్నాడు. ఆ పేట పేరుకు అర్థం "చేతనైతే బయటపడు". నేర్పింది కమ్యూనిటీ సర్వీస్ ఆర్గనైజేషన్ నిర్వాహకుడు ఫ్రెడ్ రాస్. ఆ సంస్థ 1947లో లాస్ ఏంజెలిస్‌లో మొదలైంది. దాని ఓటర్ల నమోదు బలం మీదే ఎడ్వర్డ్ రాయ్‌బల్ 1949లో ఆ నగర కౌన్సిల్‌కు గెలిచాడు.

పద్ధతి ఇలా ఉంటుంది. ఒక ఇంటివాళ్లు తమకు తెలిసిన పదిమందిని పిలుస్తారు. పిలవాల్సింది ఇంటివాళ్లే, నిర్వాహకుడు కాదు. గంట, మహా అయితే గంటన్నర. నిర్వాహకుడు పావుగంట మాట్లాడి ఆపేస్తాడు. మిగతా సమయమంతా వచ్చినవాళ్లది. ముగిసేలోపు మూడు తేలాలి: సమస్య ఏది, పేర్లు ఎవరివి, తర్వాతి సమావేశం ఎవరింట్లో. మూడోది తేలకపోతే ఆ రాత్రి వృథా. అక్కడ కూర్చున్నవాళ్లలో ఒకరిద్దరు తమ ఇల్లు ఇస్తామంటేనే గొలుసు నిలుస్తుంది. కొన్ని వారాలు ఇలా నడిచాక అందరినీ కలిపి పెద్ద సభ.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే: ఒకే బంధువర్గం అందరూ రావడం, అప్పుడు కొత్త పేర్లు పుట్టవు. నిర్వాహకుడే ముప్పావుగంట మాట్లాడటం. వస్తామన్నవాళ్లందరూ వస్తారనుకుని కుర్చీలు వేయడం. నోటిమాటగా ఒప్పుకున్నవాళ్లలో సగం వస్తే గొప్ప. ముందురోజు ఒకసారి, అదే రోజు ఒకసారి గుర్తుచేయాలి. పెద్ద సభకు మరీ పెద్ద హాలు తీసుకోవడం ఇంకో తప్పు. వంద మంది వస్తారనుకుంటే ఎనభై మందికి సరిపోయే గది చాలు.

చావెజ్ 1962లో కాలిఫోర్నియాలోని డెలానో వచ్చి పొలం కూలీల సంఘం పెట్టినప్పుడు ఇదే చేశాడు. నెలకు మూడున్నర డాలర్ల చందా. అంత పేదవాళ్ల దగ్గర చందా ఏమిటని అడిగినవాళ్లున్నారు. చందా కట్టినవాడికే సంఘం తనదనిపిస్తుందన్నది అతని లెక్క. దానికి బదులుగా సభ్యుడికి చేతిలో ఏదో ఒకటి పెట్టాలి కనుక చావు ఖర్చుల బీమా, చిన్న అప్పులిచ్చే పరపతి సంఘం నడిపారు. సమ్మె మాట ఎత్తే ముందు మూడేళ్లు ఈ పనే జరిగింది.

పాతపుస్తకం

రెండు సవరింపులు, వివరాలు సరిగ్గా ఉండాలి కనుక.

ఫ్రెడ్ రాస్ లాటినో కాదు. అతను నేర్పాడు, వీళ్లు తమ పేటలకు తగ్గట్టు మార్చుకున్నారు. ఇంకొకటి, 1965 సెప్టెంబరు 8న డెలానో ద్రాక్ష సమ్మె మొదలుపెట్టింది ఫిలిప్పీనో కూలీలు. వాళ్ల నాయకుడు లారీ ఇట్లియాంగ్. చావెజ్, వెర్టాల సంఘం సెప్టెంబరు 16న చర్చి హాలులో ఓటు వేసి చేరింది. ఈ వారం రోజుల తేడా చాలా వ్యాసాల్లో మాయమవుతుంది, అది ఇట్లియాంగ్‌కు అన్యాయం.

మాటల తేడా కూడా చెప్పుకుందాం. హిస్పానిక్ అంటే స్పానిష్ భాషా మూలం. లాటినో అంటే లాటిన్ అమెరికా మూలం. బ్రెజిల్ వాళ్లు రెండో దానిలోకి వస్తారు, మొదటిదానిలోకి రారు. స్పెయిన్ వాళ్లు తిరగేసి. చికానో అన్నది 1960లలో మెక్సికన్ అమెరికన్ యువత గర్వంగా ఎత్తుకున్న మాట. ప్యూర్టో రికో వాళ్లను "వలస వచ్చినవాళ్లు" అని రాయకండి, వాళ్లు 1917 నుంచి అమెరికా పౌరులే.

నల్లరేగడి

ఇక పొలం పని గురించి. నినాదాల కంటే నన్ను ఎక్కువ పట్టుకున్న విషయం పొట్టి పిడి పార. స్పానిష్‌లో ఎల్ కొర్తీతో, అంటే "చిన్నది".

పిడి రెండడుగులు, ఒక్కోసారి అడుగే. కాలిఫోర్నియా సలీనాస్ లోయలో లెట్యూస్, షుగర్ బీట్ చేలలో ఒత్తు తీయడానికి వాడేవారు. విత్తనం దట్టంగా పడుతుంది. మొలిచాక మొక్కకూ మొక్కకూ అడుగు ఎడం ఉంచి మిగతావి చెక్కేయాలి. మన దగ్గర తొలికతో కలుపు తీసేవాళ్లు గొంతుక్కూర్చుని జరుగుతారు. అక్కడ సాళ్లు పొడుగు, వేగం ఎక్కువ. నిలబడి నడుం రెండుగా వంచి ఒక చేత్తో చెక్కుతూ, రెండో చేత్తో మొక్కలు విడదీస్తూ రోజంతా నడవాలి. వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్లలు అరిగిపోతాయి. నడివయసు రాకుండానే నడుం పోయేది.

రైతుల వాదన ఏమిటంటే పొడుగు పిడితో గురి తప్పి మంచి మొక్క తెగుతుందని. కూలీలు చెప్పిన ఇంకో కారణం: పొట్టి పారతో ఎవడు నడుం ఎత్తాడో మేస్త్రీకి చేను అవతలి గట్టు నుంచే కనబడుతుంది.

దీన్ని ఎలా ఆపారో చూడండి. కొత్త చట్టం కోసం పోలేదు. రాష్ట్ర పారిశ్రామిక భద్రతా విభాగం నిబంధనల్లో అప్పటికే ఒక వాక్యం ఉంది: ప్రమాదకరమైన చేతి పనిముట్లు వాడకూడదు. 1972లో కాలిఫోర్నియా రూరల్ లీగల్ అసిస్టెన్స్ న్యాయవాదులు కూలీల తరఫున దాన్నే పట్టుకుని అర్జీ పెట్టారు. వైద్యులు వచ్చి వెన్ను గురించి సాక్ష్యం చెప్పారు. విభాగం 1973లో కొట్టేసింది. పిడి విరిగినదో, అంచు చెడిపోయినదో అయితేనే "ప్రమాదకరం", బాగున్న పార ప్రమాదకరం కాదన్నది వాళ్ల అర్థం. సెబాస్టియన్ కార్మోనా పేరున నడిచిన కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు 1975 జనవరిలో ఆ అర్థాన్ని తోసిపుచ్చింది. పనిముట్టు బాగున్నా వాడే తీరే ఒంటిని పాడుచేస్తే అది ప్రమాదకరమే అంది. ఏప్రిల్‌లో విభాగం నిషేధించింది. పొడుగు పిడితో లెట్యూస్ సాగు ఆగిపోలేదు.

ఒక కన్నం మిగిలింది. పార తీసేసి చేత్తోనే కలుపు పీకమన్నారు. నడుం మళ్లీ వంగింది. ఆ కన్నం కొంతవరకు పూడ్చే నిబంధన 2004లో గానీ రాలేదు. నిషేధం రాసేటప్పుడు పనిముట్టు పేరు రాస్తే ఇదే జరుగుతుంది. ఒంటి భంగిమను రాయాలి.

చెరువుకట్ట

నల్లరేగడి గారూ, బహిష్కరణ గురించి కూడా రాయండి. ద్రాక్ష కొనొద్దన్న మాట దేశమంతా ఎలా పాకింది? చట్టం అడ్డురాలేదా?

నల్లరేగడి

ఇందులో ఒక మెలిక ఉంది. 1935 నాటి జాతీయ కార్మిక చట్టం పొలం కూలీలను వదిలేసింది. సంఘం పెట్టుకునే రక్షణ వాళ్లకు లేదు. మిగతా సంఘాలకు మాత్రం తమ యజమానితో వ్యాపారం చేసే మూడో దుకాణాన్ని బహిష్కరించడం 1947 తర్వాత నిషేధం. ఆ నిషేధం కూడా అదే చట్టంలో భాగం కనుక పొలం కూలీలకు అంటలేదు. బయటకు తోసేసిన చట్టమే చేతికి ఆయుధం ఇచ్చింది. అందుకే ద్రాక్ష అమ్మే గొలుసు దుకాణాల ముందే నిలబడగలిగారు.

పని ఎలా జరిగిందంటే, సమ్మెలో ఉన్న కుటుంబాలనే నగరాలకు పంపారు. న్యూయార్క్‌లో వెర్టా నడిపింది. సరుకు దిగే రేవులు, టోకు మార్కెట్లు, దుకాణాల వాకిళ్లు. 1966 మార్చి 17న డెలానో నుంచి బయల్దేరి ఏప్రిల్ 10, ఈస్టర్ నాటికి శాక్రమెంటో చేరిన పాదయాత్రలో ఉండగానే ద్రాక్ష తోటలున్న మద్యం కంపెనీ షెన్లీ దిగివచ్చింది. ఆ ఒప్పందం బేరమాడింది కూడా వెర్టానే. చావెజ్ గాంధీని శ్రద్ధగా చదివినవాడు. 1968లో 25 రోజుల నిరాహార దీక్ష చేశాడు, అది కూడా యజమానులపై కాదు, హింసకు మొగ్గుతున్న సొంత మనుషులను ఆపడానికి. 1970 జులై 29న డెలానో ద్రాక్ష రైతులు ఒప్పందాలపై సంతకాలు పెట్టారు. 1975లో కాలిఫోర్నియా పొలం కూలీలకు రహస్య ఓటుతో సంఘాన్ని ఎన్నుకునే చట్టం తెచ్చింది.

చెడ్డ భాగం కూడా రాయాలి. 1973లో గడువు తీరిన ఒప్పందాల్లో ఎక్కువ భాగం పోటీగా వచ్చిన లారీ డ్రైవర్ల సంఘం టీమ్‌స్టర్స్‌కు పోయాయి. కూలీలను పనికి పంపే పేర్ల పట్టిక సంఘం ఆఫీసులో గందరగోళంగా నడిచింది. కుటుంబాలు విడిపోయి వేర్వేరు తోటలకు వెళ్లాల్సి రావడం కూలీలకే కోపం తెప్పించింది. సమ్మె విరగ్గొట్టడానికి తెచ్చిన కాగితాలు లేని వలస కూలీలపై 1974లో సంఘం చేసిన ప్రచారం చికానో సంఘాలనే దూరం చేసింది. 1970ల చివర్లో ఎదురు మాట్లాడిన నిర్వాహకులను బయటకు పంపేశారు. స్థానిక శాఖలకు అధికారం ఇవ్వకుండా అంతా ఒక్కచోట పెట్టుకోవడమే ఈ సంఘం సన్నగిల్లడానికి పెద్ద కారణమని నా అభిప్రాయం. కాప్స్‌లో అధ్యక్షులు మారుతూ పోయారు, ఇక్కడ మారలేదు.

రెండోపాయ

ఇంకొంచెం వెనక్కి వెళ్దాం. టెక్సాస్ కార్పస్ క్రిస్టీ, డాక్టర్ హెక్టర్ గార్సియా. 1914లో మెక్సికోలో పుట్టి, టెక్సాస్‌లో పెరిగి, 1940లో వైద్య పట్టా తీసుకుని, రెండో ప్రపంచ యుద్ధంలో సైనిక వైద్యుడిగా పనిచేశాడు. తిరిగొచ్చాక చూస్తే మెక్సికన్ అమెరికన్ మాజీ సైనికులకు రావాల్సిన భృతి చెక్కులు ఆలస్యం, ఆసుపత్రిలో మంచాలు లేవు. 1948 మార్చి 26న అమెరికన్ జీఐ ఫోరమ్ పెట్టాడు. జీఐ అంటే అమెరికా సైనికుడు. పేరులో "మెక్సికన్" లేదు, కావాలనే. దేశం కోసం పోరాడినవాళ్లం, మా హక్కు అడుగుతున్నాం అన్న మాటకు ఎవరూ ఎదురు చెప్పలేరు.

1949 జనవరిలో పరీక్ష వచ్చింది. ఫిలిప్పీన్స్‌లో చనిపోయిన సైనికుడు ఫీలిక్స్ లాంగోరియా అస్థికలు త్రీ రివర్స్ ఊరికి వస్తే, అంత్యక్రియల గది ఇవ్వడానికి అక్కడి నిర్వాహకుడు ఒప్పుకోలేదు. గార్సియా ముందు ఫోన్ చేసి ఆ మాట నిర్ధారించుకున్నాడు. తర్వాత వరసగా టెలిగ్రాములు పంపాడు. సెనేటర్ లిండన్ జాన్సన్ జవాబిచ్చి ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానంలో సైనిక లాంఛనాలతో ఏర్పాటు చేశాడు. 1949 ఫిబ్రవరి 16న అక్కడ ఖననం జరిగింది.

ఫోరమ్ రోజువారీ పని మాత్రం పోల్ ట్యాక్స్. టెక్సాస్‌లో ఓటు వేయాలంటే 1.75 డాలర్లు కట్టాలి, అదీ అక్టోబరు 1 నుంచి జనవరి 31 లోపు. ఎన్నికలు చూస్తే నవంబరులో. అభ్యర్థి ఎవరో తెలియకముందే, పొలం పనులు లేని చలికాలంలో, చేతిలో చిల్లర లేనప్పుడు కట్టాలి. అందుకే ఫోరమ్ ప్రచారమంతా ఆ నాలుగు నెలల్లోనే. ఎన్నికల ముందు ఎంత తిరిగినా లాభం లేదు. ఫెడరల్ ఎన్నికలకు 1964లో, రాష్ట్ర ఎన్నికలకు 1966లో ఈ పన్ను పోయింది. ఆ తర్వాత కూడా టెక్సాస్ 1971 దాకా ప్రతి ఏడూ మళ్లీ పేరు నమోదు చేసుకోమంది.

పాతపుస్తకం

గార్సియా పేరు వచ్చింది కనుక ఇంకో గార్సియా. గస్ గార్సియా, కార్లోస్ కదేనా అనే ఇద్దరు న్యాయవాదులు 1954లో సుప్రీంకోర్టులో గెలిచిన హెర్నాండెజ్ కేసు. టెక్సాస్ జాక్సన్ కౌంటీలో 25 ఏళ్లుగా స్పానిష్ ఇంటిపేరున్న ఒక్కరు కూడా జ్యూరీలో కూర్చోలేదు. జనాభాలో మాత్రం వాళ్లు 14 శాతం. రాష్ట్రం వాదన: చట్టం దృష్టిలో ఉన్నవి తెల్లవాళ్లు, నల్లవాళ్లు అనే రెండే వర్గాలు, మెక్సికన్లు తెల్లవాళ్లే, కాబట్టి వివక్ష లేదు.

దీన్ని పగలగొట్టింది ఆ కోర్టు భవనంలోని మరుగుదొడ్డి. మగవాళ్లకు రెండున్నాయి. ఒకదాని మీద ఏ రాతా లేదు. రెండోదాని మీద "కలర్డ్ మెన్", దాని కింద "ఓంబ్రెస్ ఆకీ". అంటే స్పానిష్‌లో "మగవాళ్లు ఇక్కడ". ఊరే వేరుగా చూస్తుంటే కాగితం మీద ఒకటే వర్గమని ఎలా అంటారు? మే 3న తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఒకే మాటగా తీర్పిచ్చారు. రెండు వారాలకు నల్లపిల్లలకు వేరే బడులు చెల్లవన్న బ్రౌన్ తీర్పు వచ్చి దీన్ని కప్పేసింది.

చెరువుకట్ట

ఓటు హక్కు వచ్చాక కూడా కౌన్సిల్ సీట్లు ఎందుకు రాలేదు? నమోదు తక్కువా, గీతలు గీసిన తీరా?

మానేరు

రెండూ. ఆ రెండిటినీ కలిపి పట్టుకున్న మనిషి విలీ వెలాస్కెజ్. 1974లో సాన్ ఆంటోనియో కేంద్రంగా సౌత్‌వెస్ట్ ఓటర్ రిజిస్ట్రేషన్ ఎడ్యుకేషన్ ప్రాజెక్ట్ పెట్టాడు. "సు వోతో ఎస్ సు వోస్", నీ ఓటే నీ గొంతు, అన్నది దాని మాట.

అధ్యక్ష ఎన్నికల చుట్టూ నమోదు నడపకూడదన్నది అతని పట్టు. కాలువ, మట్టిరోడ్డు, బడి బోర్డు మీద నడపాలి. టెక్సాస్ కౌంటీని నలుగురు కమిషనర్లు పంచుకుంటారు, తన భాగంలో రోడ్లు ఎవరికివాళ్లే చూస్తారు. మెక్సికన్ పేటను ముక్కలు చేసి నాలుగు భాగాల్లోకి పంచేస్తే ఒక్కచోట కూడా గెలవరు. అందుకే ఊళ్లో అడుగుపెట్టగానే మ్యాప్ తీసి, ఏ బూత్‌లో స్పానిష్ ఇంటిపేర్లు ఎన్ని, నమోదైనవి ఎన్ని అని లెక్కవేసేవారు. గీత తప్పుగా ఉంటే మెక్సికన్ అమెరికన్ల హక్కుల కోసం వాదించే మాల్డెఫ్ వంటి న్యాయ సంస్థలతో కలిసి దావా. గీత మారాక నమోదు, అప్పుడు స్థానిక అభ్యర్థి. ఈ వరస తిరగేస్తే కష్టపడి నమోదు చేసినవాళ్లు ఓడిపోయి ఇక ఇంట్లో కూర్చుంటారు.

వెలాస్కెజ్ 1988లో 44 ఏళ్లకే క్యాన్సర్‌తో పోయాడు. అప్పటికి 200 ఊళ్లలో వెయ్యికి పైగా నమోదు ఉద్యమాలు జరిగాయి.

టెక్సాస్‌లో ఈ పని ఈనాటికీ చేయి తిరిగినవాళ్లదే. నమోదు చేయించే స్వచ్ఛంద కార్యకర్తను కౌంటీ నియమించాలి. నింపిన ఫారం 5 రోజుల్లో ఆఫీసుకు చేర్చాలి. ఎన్నికకు 30 రోజుల ముందే గడువు. వయసు 17 ఏళ్ల 10 నెలలు నిండితే చాలు. ఫారాలు తిరిగొచ్చేది ఎక్కువగా చిన్న తప్పులకే: సంతకం లేదు, పుట్టిన తేదీ బదులు ఈ రోజు తేదీ, ఇంటి చిరునామా ఉండాల్సిన చోట పోస్టు బాక్సు. మనిషి ఎదుట ఉండగానే పై నుంచి కింది దాకా వేలు పెట్టి చూడాలి. వెళ్లిపోయాక వెతకడం పది రెట్లు పని.

పడమటిగాలి

సాన్ ఆంటోనియోలో గీతలు మారిన తీరు చెబుతా. కౌన్సిల్‌లో అందరికీ నగరమంతా ఓటు వేసే పద్ధతి ఉండేది, వార్డులు లేవు. నగరం అంతా తిరిగి ప్రచారం చేయగల డబ్బున్నవాళ్లే గెలిచేవారు. నగరం చుట్టుపక్కల ప్రాంతాలను కలుపుకుంటే, అది మైనారిటీ ఓటు బలాన్ని పలుచన చేస్తుందని ఫెడరల్ న్యాయశాఖ ఓటు హక్కు చట్టం కింద అభ్యంతరం చెప్పింది. 1977 జనవరిలో పది వార్డుల పద్ధతి స్వల్ప తేడాతో నెగ్గింది. అదే ఏడాది ఎన్నికల్లో 11 మందిలో ఐదుగురు మెక్సికన్ అమెరికన్లు, ఒక నల్లజాతి సభ్యుడు. 1981లో హెన్రీ సిస్నెరోస్ మేయరయ్యాడు. 1840లలో హువాన్ సెగీన్ తర్వాత ఆ ఊరికి మెక్సికన్ మూలాలున్న మేయర్ మళ్లీ అప్పుడే.

1990లో లీవై స్ట్రాస్ తన కుట్టు మిల్లు మూసి వెయ్యి మందికి పైగా పని తీసేసినప్పుడు కాప్స్, దాని తోటి సంస్థ మెట్రో అలయన్స్ కలిసి 1992లో ప్రాజెక్ట్ క్వెస్ట్ పెట్టించాయి. అప్పటిదాకా శిక్షణ అంటే కొన్ని వారాల సర్టిఫికెట్, ఆ తర్వాత పని ఉండదు. వీళ్లు తిరగేశారు. ముందు ఆసుపత్రులు, కంపెనీల దగ్గర ఏ ఖాళీలు వస్తాయో అడిగారు. దానికి తగ్గ కమ్యూనిటీ కాలేజీ కోర్సు, ఒకటి రెండేళ్లది. ఫీజు, పుస్తకాలు, రవాణా భరించారు. వారం వారం సలహాదారుతో తప్పనిసరి సమావేశం. చదువు మధ్యలో ఆగేది తెలివి తక్కువై కాదు, కారు చెడిపోయి, పిల్ల జబ్బుపడి. ఆ వారపు సమావేశం పట్టుకునేది వాటినే.

రెండోపాయ

టెక్సాస్, కాలిఫోర్నియాలే కాదు, న్యూయార్క్ కూడా చూడండి. ఆంటోనియా పాంతోహా 1944లో ప్యూర్టో రికో నుంచి వచ్చి 1961లో ఆస్పిరా పెట్టింది. హైస్కూళ్లలో పిల్లల క్లబ్బులు, కాలేజీ దారి చూపే సలహాదారులు. ఇంగ్లీషు రాని పిల్లలను తరగతిలో ఊరికే కూర్చోబెడుతున్నారని ఆస్పిరా వేసిన దావాలో 1974 ఆగస్టులో ఒప్పందం కుదిరింది. నగర బడి బోర్డు ద్విభాషా బోధన ఇవ్వాల్సి వచ్చింది.

ఓటు విషయంలో న్యూయార్క్‌కు ఇంగ్లీషు అక్షరాస్యత పరీక్ష ఉండేది. ప్యూర్టో రికోలో స్పానిష్‌లో ఆరో తరగతి చదివినవాళ్లకు ఓటు నిరాకరించకూడదని 1965 ఓటు హక్కు చట్టంలో ఒక వాక్యం చేరింది. 1966లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది.

1969 వేసవిలో ఈస్ట్ హార్లెమ్‌లో యంగ్ లార్డ్స్ అనే ప్యూర్టో రికన్ యువజన సంఘం కుర్రాళ్లు వీధులు ఊడ్చి, నగరం ఎత్తని చెత్తను తీసుకొచ్చి రోడ్డుకు అడ్డంగా పోశారు. పేటలో పెద్దవాళ్లను అడిగితే వాళ్లకు వచ్చిన జవాబు చెత్త అనే. అటు సాన్ ఆంటోనియోలో కాలువ, ఇటు చెత్త. అడిగి మొదలుపెట్టినవాళ్లెవరైనా ఇలాంటి చోటే తేలుతున్నారు.

పాతపుస్తకం

చివరగా, అమెరికాలో ఉన్న మనవాళ్లకు నేరుగా తగిలే సంగతి. 1975లో ఓటు హక్కు చట్టాన్ని భాషా మైనారిటీలకు విస్తరించారు. మాల్డెఫ్ అధ్యక్షురాలు విల్మా మార్టినెజ్ దాని కోసం గట్టిగా నిలబడింది. అందులోని 203వ సెక్షన్ స్పానిష్‌తో పాటు ఆసియా భాషలకు, అమెరికా ఆదివాసుల భాషలకు కూడా వర్తిస్తుంది.

లెక్క ఇది. ఒక కౌంటీలో ఒకే భాషా వర్గానికి చెందిన, ఓటు వయసున్న, ఇంగ్లీషు బాగా రాని పౌరులు 10,000 మందికి పైగా, లేదా ఆ కౌంటీలో ఓటు వయసున్న మొత్తం పౌరుల్లో 5 శాతానికి పైగా ఉండాలి. ఆ వర్గంలో ఐదో తరగతి దాటనివాళ్ల శాతం దేశ సగటు కంటే ఎక్కువ ఉండాలి. సెన్సస్ వాళ్లు ఐదేళ్లకోసారి తేలుస్తారు. తేలితే బ్యాలెట్, నోటీసులు, సాయం అన్నీ ఆ భాషలో ఇవ్వాలి.

మనల్ని "ఏషియన్ ఇండియన్" అనే ఒకే గంపలో వేస్తారు. గంప లెక్క దాటితే ఏ భాష అన్నది స్థానిక ఎన్నికల ఆఫీసు స్థానికులతో మాట్లాడి తేల్చుకుంటుంది. న్యూయార్క్ క్వీన్స్‌లో అలాగే బెంగాలీ వచ్చింది.

చెరువుకట్ట

పాతపుస్తకం గారూ, సెన్సస్ వాళ్ల సర్వేలో "ఇంగ్లీషు ఎంత బాగా మాట్లాడతారు" అన్న ప్రశ్న ఇదేనా? అది మన పెద్దవాళ్ల తరఫున పిల్లలే నింపుతారు కదా.

పాతపుస్తకం

అదే. "చాలా బాగా" అని పెడితే ఆ మనిషి లెక్కలోంచి పోయినట్టే. పరువు కోసం కాకుండా ఉన్నది ఉన్నట్టు పెట్టాలి. భాష గడిలో కూడా "ఇండియన్" అని కాకుండా తెలుగు అని రాయాలి.

లెక్క తేలేదాకా ఆగనక్కర్లేదు. అదే చట్టంలో 208వ సెక్షన్ 1982 నుంచి ఉంది. చదవలేని, రాయలేని, కంటిచూపు లేని ఓటరు తనకు నచ్చిన మనిషిని బూత్ లోపలికి తీసుకెళ్లవచ్చు. తన యజమాని, ఆ యజమాని ఏజెంటు, తన కార్మిక సంఘం ప్రతినిధి తప్ప ఎవరైనా సరే. పౌరసత్వం వచ్చిన అమ్మమ్మ పక్కన మనవరాలు నిలబడి బ్యాలెట్ తెలుగులో చదివి వినిపించవచ్చు. అక్కడి సిబ్బందిలో ఎవరికైనా తెలియక అడ్డు చెబితే "సెక్షన్ 208" అని పెద్ద ఎన్నికల అధికారిని పిలవమనండి. సెక్షన్ నంబరు ఒక కాగితం మీద రాసి అమ్మమ్మ సంచిలో పెట్టండి.